పెద్ద దేశము, చిన్న వాద్యబృందము

రష్యా దేశపు సంగీతమనగానే సామాన్యముగా మన తలంపునకు వచ్చునది పెద్ద ధ్వని. నూరుమంది వాద్యకారులు, ఇత్తడి బాకాలు, భేరులు, తాళములు, చర్చిగంటలు, చైకోవ్‌స్కీ వ్రాసిన '1812' అను రచనలోనైతే ఫిరంగుల మ్రోత. రేడియో గల ఇంట అది వినవచ్చునప్పుడు పొరుగింటివారికి వేరుగా రేడియో అక్కరలేదు. ఆ ధ్వని రష్యాదే, కాదనుటకు వీలులేదు. కాని ఆ దేశపు సంగీత చరిత్రలో మరియొక పాయ కలదు. అది పదునైదుగురు, ఇరువదిమంది తంత్రీవాద్యకారులతో సాగునది, బాకాలు లేనిది, గదిలో కూర్చుండి వినదగినది. ఇట్టి బృందమును పాశ్చాత్యులు ఛాంబర్ ఆర్కెస్ట్రా అందురు. ఛాంబర్ అనగా గది. ప్రభువుల గృహములలోని గదులలో పెరిగిన సంగీతము గనుక ఆ పేరు వచ్చినది.

ఇట్టి బృందమొకటి రష్యా సంగీతమును గ్రామఫోను రికార్డుగా చేయునప్పుడు తరచుగా దానిపై చేరు రచనలు కొన్ని కలవు. చైకోవ్‌స్కీ తంత్రీవాద్యములకు వ్రాసిన 'సెరినేడ్'. ఆయనదే వయొలిన్ రచన ఒకటి. ప్రొకోఫియెవ్ చిన్న తునకలు. కడపట షోస్టకోవిచ్ 'ఛాంబర్ సింఫనీ'. ఇవన్నియు ఒక్క రికార్డుపై చేరుట వర్తకుల సౌకర్యము కొరకేనని తోచవచ్చును. కాని మొదటి దానికిని కడపటి దానికిని విచిత్రమైన చుట్టరికము కలదు. ఎనుబది సంవత్సరముల యెడముతో, ఇద్దరు స్వరకర్తలను పెద్ద బహిరంగ కార్యము కొరకు సంగీతము వ్రాయుమని అడిగిరి. ఇద్దరును అడిగినది వ్రాసి యిచ్చిరి. కాని ఇద్దరును ఆ సమయముననే, ఎవరును అడుగకయే, తంత్రీవాద్యములకు వేరొక రచన చేసిరి. తమ హృదయమును ఆ రెండవదానిలోనే ఉంచిరి.

మొదటి కథ 1880 సంవత్సరమునాటిది. మాస్కోలో జరుగబోవు గొప్ప పారిశ్రామిక, కళా ప్రదర్శనమునకు ఉత్సవ సంగీతము కావలసి వచ్చినది. నికొలాయ్ రూబిన్‌స్టయిన్ ఆ పనిని చైకోవ్‌స్కీకి అప్పగించెను. నెపోలియన్ సేన రష్యానుండి వెనుదిరిగిన కథను తీసికొని ఆయన '1812' వ్రాసెను. అప్పుడాయన ఉక్రెయిన్‌లోని కమెంకా గ్రామమున చెల్లెలి యింట నుండెను. ఆ దినములలోనే, ఆ యింటనే, సెరినేడ్ కూడ తయారైనది. ఆయనకు ధనసహాయము చేయుచుండిన నదేజ్దా ఫన్ మెక్ అను సంపన్న వితంతువునకు ఈ రెండింటిని గూర్చి ఆయన జాబు వ్రాసెను. ఈమెకును ఆయనకును పదమూడు సంవత్సరములు జాబులు నడచినవి. కాని ముఖాముఖి కలియరాదని వారి నియమము. '1812' మిక్కిలి గట్టిగా, సందడిగా నుండుననియు, అది తాను ప్రేమతో వ్రాసినది కాదనియు ఆయన ఆమెకు తెలిపెను. సెరినేడ్ మాత్రము లోపలినుండి వచ్చిన ప్రేరణచే వ్రాసితిననియు, అది మనసారా వ్రాసినదనియు చెప్పుకొనెను. లోకము దీనిని మన్నింపలేదు. ఇప్పటికిని ఉత్సవములలో మ్రోగునది '1812'యే.

సెరినేడ్‌లో నాలుగు భాగములు కలవు. మొదటిది మోట్సార్టునకు నమస్కారమువంటిది. రెండవది వాల్ట్‌జ్ అను నృత్యము. మూడవది విలాపము. నాలుగవది రష్యా జానపద గీతములపై కట్టినది. ఆరంభమున ప్రార్థనవలె గంభీరముగా క్రిందికి దిగివచ్చు స్వరములు కలవు. మన లెక్కలో శంకరాభరణపు అవరోహణమును పోలియుండునని చెప్పవచ్చును. నాలుగవ భాగమున పల్లెటూరి నృత్యగీతము ఉరకలు వేయుచుండగా ఆ మొదటి ప్రార్థన మరల ప్రత్యక్షమగును. వెంటనే నృత్యగీతము తిరిగివచ్చును. అప్పుడు తెలియును, రెండును ఒక్క దిగుడుమెట్లపై నడచినవేనని. దొరల మందిరమున వినిపించినదియు, పల్లె కళ్లమున వినిపించినదియు ఒకే మెట్లు. చైకోవ్‌స్కీ దీనిని ఎక్కడను వివరింపలేదు, వినువారికి వదలినాడు.

ఇచట ఒక చమత్కారము కలదు. తంత్రీవాద్యకారుల సంఖ్య ఎంత ఎక్కువైన అంత తన కోరికకు అనుగుణముగా నుండునని చైకోవ్‌స్కీ ఈ రచన స్వరలిపిపైననే సూచించెను. అనగా, చిన్న బృందముల కిది తలమానికమైనను, స్వరకర్త కోరినది చిన్న బృందము కాదు. అయినను ఇరువదిమంది వాయించినప్పుడు మూడవ భాగములోని ఒక్కొక్క స్వరపంక్తి విడివిడిగా వినబడును. అరువదిమంది వాయించినప్పుడు పట్టుపరుపుపై కూర్చుండినట్లుండును. ఈ విషయమున స్వరకర్త మాటను మీరిన వారియందే నాకు పక్షపాతము.

వయొలిన్ రచన కథ రెండు సంవత్సరములు ముందటిది. 1877లో చైకోవ్‌స్కీ వివాహము చేసికొని, కొలది వారములలోనే దానినుండి పారిపోయి, మనశ్శాంతి కొరకు విదేశములు తిరిగెను. 1878 వసంతమున స్విట్జర్లాండులోని క్లారెన్స్ అను సరస్సు తీరపు ఊరికి ఆయన శిష్యుడును మిత్రుడును అగు యోసిఫ్ కోటెక్ అను వయొలినిస్టు వచ్చెను. ఒక నెలలోపలనే వయొలిన్ కన్సర్టో సిద్ధమైనది. కన్సర్టో యనగా ఒక్క వాద్యము ముందునిలిచి బృందముతో సంవాదము జరుపు రచన. మొదట వ్రాసిన నెమ్మది భాగము తక్కిన రెండింటిమధ్య ఇమడలేదని దానిని తీసివేసి, వేరొకటి వ్రాసెను. తీసివేసినదానిని పారవేయలేదు. ఫన్ మెక్ గారికి బ్రయిలోవ్ అను చోట ఎస్టేటు కలదు. ఆమె లేని సమయమున అచట అతిథిగానుండి, దానికి మరి రెండు చిన్న రచనలను జేర్చి, 'ప్రియమైన చోటి జ్ఞాపకము' అను పేరుతో వయొలిన్‌కును పియానోకును ప్రకటించెను. తరువాత గ్లజునోవ్ దానిని బృందమునకు కూర్చెను. కన్సర్టోలో చోటు దొరకని ఆ 'ధ్యానము' నేడు చిన్న బృందముల రికార్డులపై దర్జాగా కూర్చున్నది.

కన్సర్టో మాత్రము మూడు సంవత్సరములు వేచియుండవలసి వచ్చెను. సెయింట్ పీటర్స్‌బర్గు సంగీత విద్యాలయమున 1868 నుండి 1917 వరకు బోధించిన లియొపోల్డ్ ఔయర్‌కు అది అంకితమీయబడినది. ఆయన వాయింపలేదు. చివరకు 1881 డిసెంబరు 4వ తేదీన వియన్నాలో అడోల్ఫ్ బ్రాడ్‌స్కీ వాయించెను. హాన్స్‌లిక్ అను పేరుమోసిన విమర్శకుడు, దుర్గంధము చెవికి సోకు సంగీతము కూడ నుండునని అర్థమువచ్చునట్లు వ్రాసెను. ఆ విమర్శ చైకోవ్‌స్కీకి కంఠస్థమై యుండెనని అందురు. ఔయర్ తరువాత మనస్సు మార్చుకొని, తనవైన మార్పులతో దానిని వాయించి, శిష్యులకు నేర్పెను. ఆ శిష్యులు సామాన్యులు కారు: హైఫెట్స్, ఎల్మన్, జింబలిస్ట్, మిల్‌స్టయిన్. ఒడెస్సా నగరమున స్టొల్యార్‌స్కీ అను ఉపాధ్యాయుని వద్ద డేవిడ్ ఓయిస్త్రాఖ్ తయారయ్యెను.

వయొలిన్ మనకు క్రొత్తది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పందొమ్మిదవ శతాబ్ది తొలి దినములలో దానిని కర్ణాటక సంగీతమునకు మలచుకొనెను. విజయనగరమున ద్వారం వేంకటస్వామి నాయుడుగారు (1893–1964) దానిని పక్కవాద్యపు పీటనుండి లేపి, కచేరీకి తానే చాలునని నిరూపించిరి. మనవారు నేలపై కూర్చుండి తలభాగమును పాదమున కానించి, తంత్రులను షడ్జ పంచమములకు శ్రుతి చేయుదురు. రష్యనులు నిలువబడియో, కుర్చీపై కూర్చుండియో, గడ్డముక్రింద అదిమిపట్టి వాయింతురు. నాలుగు తంత్రులకు నాలుగు వేరు స్వరములు. మన ఫిడేలు ఒక్క కంఠమును అనుసరించును. వారి బృందములో మొదటి వయొలిన్లు, రెండవ వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బాసులు ఒకేసారి ఐదు దారులలో నడచి, ప్రతి అడుగునను కలిసికొనును. ఈ సంగీతమునకు క్రొత్తవారు మొదటిసారి పైదారిని మాత్రమే పట్టుకొని వినుట మేలు. రెండవసారి చెల్లోను పట్టుకొనవలెను. రచన వేరుగా వినబడును.

ప్రొకోఫియెవ్ కథ క్లుప్తముగా చెప్పిన చాలును. విప్లవము వచ్చిన 1917వ సంవత్సరముననే ఆయన హైడన్ కాలపు కొలతలలో చిన్న బృందమునకు 'క్లాసికల్ సింఫనీ'ని పూర్తి చేసెను. పావుగంటలో ముగియును. వీధులలో తుపాకులు మ్రోగు దినములలో అంత నిర్మలమైన నవ్వు ఎచటినుండి వచ్చెనో! పియానోకు ఆయన ఆ దినములలోనే వ్రాసిన ఇరువది అల్పరచనలలో పదునైదింటిని తరువాత ఒక యువకుడు తంత్రీవాద్యములకు కూర్చెను. ఆ యువకుడే మన రెండవ కథలో ముఖ్యపాత్రధారి.

ఆయన పేరు రుడోల్ఫ్ బర్షాయ్. 1924లో పుట్టెను, వయోలా వాద్యకారుడు, తరువాత బొరోదిన్ క్వార్టెట్ అని ప్రసిద్ధి చెందిన బృందమును 1945లో స్థాపించినవారిలో ఒకడు. మాస్కో సంగీత విద్యాలయమున ఆయన గురువులలో లెవ్ త్సేయిత్లిన్ ఒకడు. ఈ త్సేయిత్లిన్ 1922లో సంచాలకుడు లేని సింఫనీ బృందమును స్థాపించినవాడు. అందరును సమానులైనప్పుడు కర్ర పట్టుకొని ముందు నిలుచువాడెందుకని వారి వాదము. వాద్యకారులు ఒకరినొకరు చూచుకొనుటకు వలయాకారముగా కూర్చుండిరి. కొందరి వీపులు సభికులవైపు ఉండెను. పది సంవత్సరములు నడచి, 1932లో ఆ బృందము అంతరించెను. ఆ సిద్ధాంతము మాట యెట్లున్నను, ఒకరినొకరు వినుట యను విద్య శిష్యునికి దక్కినది. 1955లో బర్షాయ్ మాస్కో ఛాంబర్ ఆర్కెస్ట్రాను స్థాపించెను. బాఖ్, వివాల్డీల రచనలను ఆ కాలపు కొలతలకు దగ్గరగా చిన్న బృందముతో వాయించుట సోవియట్ దేశమున నాడు క్రొత్త సంగతి.

1955వ సంవత్సరమును గుర్తుంచుకొనవలెను. స్టాలిన్ 1953 మార్చి 5వ తేదీన మరణించెను. ప్రొకోఫియెవ్ కూడ ఆ దినముననే మరణించెను. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ కేంద్రసంఘము చేసిన తీర్మానము షోస్టకోవిచ్, ప్రొకోఫియెవ్ మొదలగువారిని ప్రజలకు దూరమైన సంగీతము వ్రాయుచున్నారని నిందించినది. షోస్టకోవిచ్ ఉపాధ్యాయ పదవులు పోయినవి. ఆ దినములలో ఆయన బల్లపై సగము వ్రాసిన వయొలిన్ కన్సర్టో ఉండెను. సభలలో నిందలు విని ఇంటికి వచ్చి దానిని కొనసాగించి, మార్చిలో ముగించెను, సొరుగులో పెట్టెను. ఏడు సంవత్సరముల తరువాత, 1955 అక్టోబరు 29వ తేదీన లెనిన్‌గ్రాడులో ఓయిస్త్రాఖ్ దానిని వాయించెను. మ్రవిన్‌స్కీ బృందమును నడపెను. ఇది పెద్ద బృందమునకు వ్రాసినదే. అయినను అందులో ట్రంపెట్లు లేవు, ట్రోంబోనులు లేవు. పెద్ద బృందమునుండి గొప్పలు చెప్పు నోళ్లను స్వరకర్త తీసివేసినాడు. మూడవ భాగాంతమున వయొలిన్ ఒంటరిగా చాలసేపు మాటలాడి, ఊపిరి తీసికొనకయే నాలుగవ భాగములోనికి దుముకవలసి యుండెను. ఓయిస్త్రాఖ్ బ్రతిమాలుకొనెనట: నాలుగవ భాగము ఆరంభమును బృందమునకు ఇండు, కనీసము నుదుటి చెమట తుడుచుకొందునని. షోస్టకోవిచ్ వెంటనే మార్చి యిచ్చెను.

ఇక 1960. డ్రెస్డెన్ నగరము 1945 ఫిబ్రవరిలో బాంబులవలన భస్మమైనది. అచటి చిత్రశాలలోని చిత్రములను సోవియట్ సైనికులు కాపాడిన కథతో 'ఐదు పగళ్లు, ఐదు రాత్రులు' అను చలనచిత్రము తీయుచుండిరి. దానికి సంగీతము వ్రాయుటకై షోస్టకోవిచ్‌ను పిలిపించి, డ్రెస్డెన్ చెంతనున్న గోరిష్ అను ఊర విడిదినిచ్చిరి. జూలై 12 నుండి 14 వరకు, మూడు దినములలో, ఆయన అచట వ్రాసినది చలనచిత్ర సంగీతము కాదు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లోలకు ఎనిమిదవ క్వార్టెట్. చలనచిత్ర సంగీతమును తరువాత వ్రాసి యిచ్చెను.

క్వార్టెట్ ఫాసిజమునకును యుద్ధమునకును బలియైనవారి స్మృతికి అంకితమైనది. కాని ఆ నెలలోనే ఇసాక్ గ్లిక్‌మన్ అను మిత్రునికి వ్రాసిన జాబులో వేరొక మాట కలదు. తాను చనిపోయినచో తన స్మృతికై ఎవరును ఏదియు వ్రాయరు గనుక, తానే వ్రాసికొంటిననియు, మొదటి పుటపై ఈ క్వార్టెట్ వ్రాసినవాని స్మృతికని పెట్టవచ్చుననియు తెలిపెను. ఈ జాబులు 1993లో గాని అచ్చుకాలేదు. ఆ వేసవిలోనే ఆయనను పార్టీలో చేరుమని ఒత్తిడి చేసిరి. ఎంతో కాలము తప్పించుకొనుచు వచ్చిన మనిషి చివరకు లొంగిపోయెను. అది ఆయనను కృంగదీసినది.

అంకితము నిజమా, జాబు నిజమా అని పండితులు నేటికిని వాదించుచున్నారు. రెండును నిజములని అనుకొనుటలో నాకు కష్టము కనబడదు. కాలిపోయిన నగరము పొరుగున కూర్చున్నవానికి తన బ్రతుకు గుర్తువచ్చుట అబద్ధమెట్లగును?

సాక్ష్యము సంగీతములోనే కలదు. మన వాగ్గేయకారులు కృతి చివర తమ ముద్ర వేయుదురు. షోస్టకోవిచ్ తన ముద్రను అక్షరములతో కాక స్వరములతో వేసెను. జర్మన్ పద్ధతిలో స్వరముల పేర్లు అక్షరములు. ఆయన పేరును ఆ భాషలో వ్రాసినప్పుడు వచ్చు తొలి అక్షరములు నాలుగు: డి, ఎస్, సి, హెచ్. వానిని స్వరములుగా చదివి, సి ని షడ్జముగా తీసికొన్నచో మనకు లభించునవి చతుశ్శ్రుతి రిషభము, సాధారణ గాంధారము, షడ్జము, మంద్ర కాకలి నిషాదము. హార్మోనియము గలవారు మెట్లపై వత్తి చూడవచ్చును. ఈ నాలుగును మన కీరవాణిలో కలవు. కాని ఇచట రాగసంచారము లేదు, పేరు మాత్రమే. క్వార్టెట్ ఐదు భాగములును ఈ పేరు చుట్టునే తిరుగును. నడుమ తన మొదటి సింఫనీ, చెల్లో కన్సర్టో, ఒకప్పుడు నిషేధింపబడిన తన ఆపెరా, యూదుల బాణీలోని నృత్యము, చెరలో కృశించినవానిని గూర్చిన పాత విప్లవగీతము తునకలు తునకలుగా వినబడును. నాలుగవ భాగమున తలుపు తట్టినట్లు మూడు బలమైన దెబ్బలు కలవు. అవి విమానదళము మీది ఫిరంగులని కొందరు, అర్ధరాత్రి వచ్చిన రాజభటులని కొందరు చెప్పుదురు.

ఈ క్వార్టెట్‌నే బర్షాయ్, స్వరకర్త సమ్మతితో, తంత్రీవాద్యబృందమునకు కూర్చెను. అదియే 'ఛాంబర్ సింఫనీ', రచనల వరుసలో 110-ఎ. నలుగురి వాద్యము ఇరువదిమంది చేతులలో పడినప్పుడు లాభనష్టములు రెండును కలవు. రెండవ భాగపు ఉగ్రత బృందమునందే పూర్తిగా తెలియును. డబుల్ బాసులు నేలను కదలించును. కాని చివరి భాగములోని ఒంటరితనమును ఇరువదిమంది పంచుకొన్నప్పుడు అది కొంచెము వెచ్చబడును. ఆ వెచ్చదనము షోస్టకోవిచ్‌కు ఇష్టమయ్యెనేమో, ఆయన వద్దనలేదు.

అంతటితో ఆగలేదు. 1969 ఆరంభమున ఆస్పత్రిలో నుండి షోస్టకోవిచ్ పదునాలుగవ సింఫనీని వ్రాసెను. పేరు సింఫనీయే గాని వాద్యకారులు పందొమ్మండుగురు తంత్రీవాద్యకులు, కొన్ని తాళవాద్యములు, ఇద్దరు గాయకులు మాత్రమే. మృత్యువును గూర్చిన కవితలు పదకొండు. దానిని ఇంగ్లండులోని స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్‌కు అంకితమిచ్చెను. 1969 సెప్టెంబరు 29వ తేదీన లెనిన్‌గ్రాడులో గలీనా విష్నేవ్‌స్కాయా పాడగా, బర్షాయ్ తన బృందముతో దానిని మొదటిసారి ప్రజలకు వినిపించెను. రికార్డు కూడ వచ్చినది.

తరువాతి కథ విచారకరము. విష్నేవ్‌స్కాయా 1974లో దేశము విడిచెను. 1978లో ఆమె పౌరసత్వమును తొలగించిరి. 1990లో గాని తిరిగి యీయలేదు. బర్షాయ్ 1977లో ఇజ్రాయెలునకు వెడలిపోయెను. దేశము విడిచినవారి పేర్లు రేడియో కార్యక్రమములనుండియు, అంగళ్లనుండియు తొలగిపోవుట ఆనాటి సోవియట్ ఆచారము. అయితే అప్పటికే జనుల ఇండ్లలో చేరిన రికార్డులను తిరిగి సేకరించు శాఖ ఏ ప్రభుత్వమునకును లేదు. బర్షాయ్ విదేశములలో పనిచేసి, 1980ల చివర ఛాంబర్ ఆర్కెస్ట్రా ఆఫ్ యూరప్ అను బృందముతో తన కూర్పును మరల రికార్డు చేసెను. ఆ బృందమున అనేక దేశముల యువకులుండిరి. 2010లో ఆయన మరణించెను.

ఈ రచన రేడియోలో వచ్చునప్పుడు వినువారికి ఒక మాట. మొదటి భాగము మిక్కిలి మెల్లగా నుండును. వినబడుటలేదని మీటను పెంచినవారు, రెండవ భాగము చెప్పకుండ మీదపడును గనుక, చేతిని మీటపైననే ఉంచుకొనవలెను. ఐదు భాగములకు నడుమ విరామము లేదు. మొత్తము ఇరువది నిమిషములకు కొంచెము పైగా పట్టును. కడపటి భాగము మొదటి భాగమువలెనే ఆ నాలుగు స్వరములతో, చెల్లోలనుండి పైకి ఒక్కొక్క వాద్యముగా చేరుచు సాగును. పిదప ధ్వని తగ్గుచుపోయి, ఎచట ఆగినదో తెలియకుండ ఆగును.